అల్లిక ముక్కలను కలపడం కూడా నేర్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మహిళలకు నిట్టింగ్ మిషను మీద ఇస్తున్న శిక్షణల గురించి మీ జిల్లా పేజీల్లో వార్త వచ్చినప్పుడల్లా నేను శ్రద్ధగా చదువుతాను. ఇంటి దగ్గర ఈ పని నేర్పే దానిని కాబట్టి, మరో పదిమంది ఆడవాళ్ల చేతికి ఈ విద్య వస్తోందంటే నాకు నిజంగా సంతోషం. అయితే ఆ శిక్షణల్లో ఒక పెద్ద లోటు ఉంది. మిషను మీద అల్లడం నేర్పుతున్నారు కానీ, అల్లిన ముక్కలను ఒకదానితో ఒకటి కలపడం నేర్పడం లేదు. ఆ కలపడంలోనే వస్తువు విలువ పెరగడమో తరగడమో జరుగుతుందని, ముఖ్యంగా దుప్పట్లకూ శాలువలకూ కేబుల్ అతుకు అనే పద్ధతిని ప్రతి శిక్షణ కేంద్రంలోనూ తప్పనిసరిగా నేర్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మిషను ఉండగా ముక్కలుగా అల్లడం ఎందుకని ఈ పనితో పరిచయం లేనివారు అడుగుతుంటారు. ఇళ్లలో ఎక్కువగా వాడే రకం నిట్టింగ్ మిషనులో 200 సూదులు ఉంటాయి. సూదికీ సూదికీ మధ్య దూరం 4.5 మిల్లీమీటర్లు. అంటే సూదుల వరస మొత్తం 90 సెంటీమీటర్లు. సూదుల మీద ఉన్నంతసేపు సాగి ఉండే అల్లిక దించగానే దగ్గరపడుతుంది. పది సెంటీమీటర్లకు 28 కుట్లు వచ్చే బిగువులో మొత్తం 200 సూదులూ వాడినా చేతికి వచ్చేది 71 సెంటీమీటర్ల వెడల్పు గుడ్డే. ఒక మనిషి నిండుగా కప్పుకునే దుప్పటికి అందుకు రెట్టింపు వెడల్పు కావాలి కనుక, రెండు మూడు ముక్కలు అల్లి కలపక తప్పదు. స్వెట్టరు సంగతీ అంతే. ముందు భాగం, వెనక భాగం, రెండు చేతులు విడివిడిగానే వస్తాయి. ఇంగ్లండులో విలియం లీ 1589లో మొట్టమొదటి అల్లిక యంత్రాన్ని తయారు చేసిన నాటి నుంచీ ఇదే వరస. ఆ యంత్రం మేజోడును బల్లపరుపు ముక్కగా అల్లి ఇచ్చేది. ఆ ముక్కను కుట్టి కాలికి తొడుక్కునేలా చేసే పని ఇంట్లోని ఆడవాళ్ల మీద, పిల్లల మీద పడేది. యంత్రం ముందు కూర్చున్నవారి పనినే పనిగా లెక్కించి, కలిపేవారి పనిని చిల్లర పనిగా చూసే అలవాటు అంత పాతది.

ఇప్పుడు మన దగ్గర జరుగుతున్నది చూడండి. ఒక శిక్షణ కేంద్రంలో కోర్సు పూర్తి చేసుకుని సర్టిఫికెట్ కూడా పుచ్చుకున్న ఒక అమ్మాయి, తాను అల్లిన దుప్పటిని ఒక దుకాణదారు వెనక్కి పంపాడని బాధపడుతూ దాన్ని నా దగ్గరకు తెచ్చింది. ముక్కలు చాలా చక్కగా ఉన్నాయి. వరసలు సమంగా ఉన్నాయి, ఒక్క కుట్టు కూడా జారలేదు. కానీ ఆ ముక్కలను మామూలు కుట్టు మిషను మీద పెట్టి సన్నదారంతో కుట్టేశారు. కుట్టిన చోట గుడ్డ సాగిపోయి వంకరలు తిరిగింది, వెనకవైపు వేలెడు మందాన గట్టు లేచింది, ఒకటి రెండు చోట్ల దారం అప్పటికే తెగి ఉంది. ఇందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆమెకు నేర్పింది అంతే. అల్లిక గుడ్డ అన్ని వైపులా సాగుతుంది. కుట్టు మిషను వేసే దారం సాగదు. రెండింటినీ జత చేస్తే, దుప్పటిని పట్టి లాగిన ప్రతిసారీ ఆ భారమంతా సన్నదారం మీదే పడి చివరకు తెగుతుంది. ఓవర్‌లాక్ మిషను మీద అంచు కోసి కుట్టించడం ఇంకో అలవాటు. అల్లిక అంచును కోస్తే కుట్ల కొసలు తెగుతాయి; పై కుట్టు ఏమాత్రం వదులైనా అక్కడినుంచి వరసలు జారడం మొదలవుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. మిషను మీద వచ్చే సాదా అల్లిక దించగానే పక్క అంచులు వెనకవైపుకు, పై అంచూ కింది అంచూ ముందువైపుకు చుట్టుకుంటాయి. ఇది అల్లినవారి లోపం కాదు, ఆ అల్లిక స్వభావమే. చుట్టుకున్న అంచులను సరిగా పరచకుండా కుట్టేస్తే ఆ చుట్టంతా అతుకులోనే ఉండిపోతుంది.

స్వెట్టరు పక్కలకు, చేతులకు దారంతో ముఖంవైపు నుంచి ఒక్కో అడ్డ దారాన్ని అందుకుంటూ కనపడకుండా కలిపే చేతికుట్టు ఉత్తమమైనది. దాని స్థానంలో మరేదీ పెట్టమని నేను అనడం లేదు. కానీ దుప్పటి, శాలువ, దివాను మీద పరిచే గుడ్డ, దిండు గలేబు వంటి వాటిలో అతుకు ఎంత దాచినా గుడ్డ నడిమధ్యన నిలువునా ఒక గీత కనపడనే కనపడుతుంది. కనపడక తప్పని చోట దాన్ని అందమైన డిజైనుగా మార్చుకోవడమే తెలివైన పని, కేబుల్ అతుకు ఆ పనే చేస్తుంది. దీనికి వేరే దారం అవసరం లేదు, వేరే మిషను అవసరం లేదు. ముక్కల అంచుల్లో వదిలిన ఉచ్చులనే ఒకదాంట్లోంచి ఒకటి లాగుతూ పోతే, చేతి అల్లిక స్వెట్టర్ల మీద మెలికలు తిరిగే కేబుల్ డిజైను వంటిదే అతుకు పొడవునా తయారవుతుంది.

చేసే విధానం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది కష్టమని ఎవరూ అనుకోకూడదని నా కోరిక. మూడు ముక్కల దుప్పటి అనుకుందాం. ముక్కకు 140 కుట్లు ఎక్కిస్తే పైన చెప్పిన బిగువులో 50 సెంటీమీటర్లు వస్తుంది. మూడు కలిపితే ఒకటిన్నర మీటరు, పైన రెండు అతుకుల వెడల్పు అదనం. కలపవలసిన అంచు పక్కన మూడు సూదులను పనిలోకి తీసుకోకుండా వెనక్కి నెట్టి ఖాళీగా ఉంచాలి. వాటి అవతల ఒక్క సూదిని మాత్రం పనిలో పెట్టి దాని మీద కూడా కుట్టు ఎక్కించాలి. ఇక మామూలుగా అల్లుకుంటూ పోవడమే. అసలు ముక్కకూ ఆ ఒంటరి సూదికీ మధ్య ఖాళీ సూదుల మేర దారం నిచ్చెన మెట్లలా అడ్డంగా పరుచుకుంటుంది. ఒంటరి సూది మీది కుట్టు తేలికగా పైకి లేచి సూది మీంచి తప్పిపోయే ప్రమాదం ఉంది కనుక, దానికి ఒక చిన్న బరువు తగిలించి, ఇరవై ముప్పై వరసలకొకసారి ఆ బరువును పైకి జరుపుతూ ఉండాలి. కొత్తవాళ్లకు ఈ పద్ధతి కుదరలేదంటే, పదింటిలో తొమ్మిదిసార్లు ఆ బరువు జరపకపోవడమే కారణం.

కావలసిన వరసలు పూర్తయ్యాక అసలు ముక్క కుట్లను మాత్రమే ముగించాలి. ఆ ఒంటరి కుట్టును ముగించకుండా పిన్నీసు మీదకు తీసి ఉంచాలి. అన్ని ముక్కలూ సిద్ధమై, కలపడానికి కూర్చున్నప్పుడే పిన్నీసు తీసి ఆ కుట్టును జారవిడవాలి. ముందే జారవిడిస్తే ఉచ్చులన్నీ ఒకదానికొకటి చిక్కుపడతాయి. కుట్టు ఒక్కో వరస దిగుతూ అడుగు దాకా జారిపోతుంది; బొచ్చు ఎక్కువున్న ఊలు అయితే వేలితో కాస్త సాయం చేయాలి. అసలు ముక్క కూడా ఊడిపోతుందేమోనని చూసేవారికి గుండె జారుతుంది గానీ, సాదా అల్లికలో జారిన కుట్టు తన నిలువు వరసలోనే కిందికి దిగుతుంది తప్ప పక్క వరసల జోలికి పోదు. చివరకు ముక్క అంచు పొడవునా సమానమైన ఉచ్చులు వేలాడుతూ మిగులుతాయి.

ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూసుకోవాలి. దారం అంచు దాకా వెళ్లి తిరిగి వస్తేనే ఒక ఉచ్చు కనుక రెండు వరసలకు ఒక ఉచ్చు వస్తుంది. పది సెంటీమీటర్లకు 40 వరసలు వచ్చే బిగువులో 150 సెంటీమీటర్ల పొడవుకు 600 వరసలు అల్లాలి. అంచుకు ఉచ్చులు 300. మూడేసి చొప్పున తీసుకుంటే సరిగ్గా వంద జట్లు అవుతాయి. అయితే క్యారేజ్, అంటే సూదుల మీదుగా అటూ ఇటూ జరుపుతూ వరస అల్లే భాగం, కుడివైపు మొదలై కుడివైపే ముగిస్తే, ఎడమ అంచున 300 ఉచ్చులు ఉంటే కుడి అంచున 299 మాత్రమే ఉంటాయి. మిగిలినది మొదటి కొసగా, చివరి కొసగా వేలాడుతుంది. ఇది తెలియక ఎక్కడో ఉచ్చు తప్పిపోయిందని మొత్తం విప్పిన వాళ్లను చూశాను. విప్పనవసరం లేదు, ఆఖరి జట్టులో మూడుకు బదులు రెండు తీసుకుంటే సరిపోతుంది.

కలపడానికి రెండు ముక్కలను ముఖం పైకి ఉండేలా పక్కపక్కన పరిచి, రెండింటి అడుగు అంచులు, అంటే కుట్లు ఎక్కించిన వైపు, ఒకే దిక్కున ఉండేలా చూసుకోవాలి. ఒక ముక్కను తలకిందులు చేస్తే అల్లిక కుట్ల వాలు తేడాగా కనిపిస్తుంది. క్రోషా సూదితో కుడి ముక్క నుంచి మొదటి మూడు ఉచ్చులు తీసుకోవాలి. ఆ సూదితోనే ఎడమ ముక్క నుంచి మూడు ఉచ్చులు అందుకుని, సూది మీద ఉన్న కుడి ఉచ్చుల్లోంచి లాగాలి. ఇప్పుడు సూది మీద ఎడమవి మిగిలాయి. మళ్లీ కుడి నుంచి మూడు అందుకుని వాటిలోంచి లాగాలి. జడ వేసేటప్పుడు పాయలను ఒకటి కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి మధ్యకు తెచ్చినట్టే, ఇక్కడా ఒక్కో జట్టు మధ్యకు వస్తూ ఎదుటి వైపుకు వాలుతుంది. లాగే ముందు ప్రతి జట్టును ఒకే దిశలో ఒక్కసారి మెలితిప్పితే కేబుల్ గుండ్రంగా లేచి కనిపిస్తుంది; తిప్పకపోతే వెడల్పుగా, పలచగా పరుచుకుంటుంది. శాలువకు రెండోది బాగుంటుంది, దుప్పటికి నేను మొదటిదే చెబుతాను. పైకి చేరాక చివరి జట్టులోంచి అల్లిక మిగులు దారాన్ని దూర్చి, గట్టిగా ముడివేసి, కొసను వెనకవైపు కుట్లలో దాచాలి. ఈ ముడి విషయంలో ఎంతమాత్రం అశ్రద్ధ పనికిరాదు. గొలుసంతా ఆ చివరి ఉచ్చు మీదే ఆధారపడి ఉంటుంది. అది వదులైతే మొదటి ఉతుకులోనే అతుకు మొత్తం విడిపోతుంది.

ఖాళీ సూదులు మూడే ఉండాలని నియమం లేదు. సన్నటి ఊలుకు రెండు, లావు ఊలుకు నాలుగు పట్టవచ్చు. ఉచ్చు పొట్టిదైతే అతుకు గుడ్డను కుచ్చెళ్లుగా లాగేస్తుంది, మరీ పొడవైతే అతుకు వదులుగా సాగి వేలాడుతుంది. అందుకని 36 వరసల నమూనా ముక్కలు రెండు అల్లి, 18 ఉచ్చులను ఆరు జట్లుగా కలిపి చూడమంటాను. ముక్క పొడవు 9 సెంటీమీటర్లు ఉంటే అతుకు పొడవు కూడా 9 సెంటీమీటర్లే ఉండాలి. అప్పుడే అసలు పని మొదలుపెట్టాలి.

మన ఊరి ఎండల్లో చాలామంది ఊలు కన్నా నూలు దారానికే మొగ్గు చూపుతున్నారు. నూలుకు ఊలుకున్న సాగుడు లేదు కనుక ఉచ్చులు తిరిగి బిగుసుకోవు. దానికి జట్టుకు నాలుగు ఉచ్చులు తీసుకుని మెలిక తప్పకుండా వేయాలి. బజారులో ఊలు పేరుతో అమ్మేదానిలో చాలా భాగం యాక్రిలిక్. అతుకు చదునుగా రావాలని దాని మీద వేడి ఇస్త్రీ పెట్టవద్దు. యాక్రిలిక్ ఒకసారి వేడికి చచ్చుబడితే సాగినది ఇక వెనక్కి ముడుచుకోదు, మళ్లీ ఎప్పటికీ మొదటిలా కాదు. నిజమైన ఊలు అయితే తడిపి, పరిచి, పిన్నులు గుచ్చి ఆరబెడితే అతుకు ఎంతో పొందికగా కుదురుకుంటుంది. పసిపిల్లల దుప్పట్లకు మాత్రం ఈ అతుకును జట్టుకు రెండు ఉచ్చులతో, చిన్నగా, బిగువుగా వేయాలి. పొడవాటి ఉచ్చుల్లో పసివేళ్లు ఇరుక్కుంటాయి. పెద్దల దుప్పటి అయినా అడుగు అంచు దగ్గర వదులు ఉచ్చులు ఉంటే మెట్టెలకు తగులుకుంటాయి కనుక, మొదటి నాలుగైదు జట్లు కొంచెం బిగించి లాగడం మంచిది.

కేబుల్ అతుకుకు ఉన్న మరో మేలు గురించి ఎవరూ మాట్లాడరు. ఒక ముక్క కాలినా, చిరిగినా, మరక పడినా, చివరి ముడి విప్పి కొస లాగితే అతుకు మొత్తం తేలికగా విడిపోతుంది. పాడైన ముక్క స్థానంలో కొత్తది అల్లి, అవే ఉచ్చులతో మళ్లీ కలపవచ్చు. కుట్టు మిషను మీద కలిపిన దుప్పటికి ఈ అవకాశం లేదు. కుట్టు ఊడదీసేలోగా పక్క కుట్లు నాలుగు తెగుతాయి. అమ్మిన దుప్పటిని ఏళ్ల తర్వాత కూడా బాగుచేసి ఇవ్వగలమని ధైర్యంగా చెప్పగలిగితే, కొనేవారికి ఆ చేతిపని మీద ఎంత నమ్మకం కలుగుతుందో ఆలోచించండి.

తిరుమల కొండ మీద ధనుర్మాసం చలి ఎలా ఉంటుందో మీ పాఠకులకు చెప్పనవసరం లేదు. తెల్లవారుజామున దర్శనానికి కదిలే భక్తులకు శాలువ, మంకీ క్యాపు, దుప్పటి అత్యవసరమైన వస్తువులు. లూధియానాలో తయారైన సరుకు రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఇక్కడి బజార్లకు వస్తోంది. ధరలో ఆ సరుకుతో మన ఆడవాళ్లు పోటీపడలేరు, పడాలని నేను కోరను కూడా. కానీ చేతితో కలిపిన అతుకు ఉన్న వస్తువును ఫ్యాక్టరీ సరుకు పక్కన పెట్టి చూపిస్తే, కొనేవారు తేడా గుర్తుపడతారు. మన కాళహస్తి కలంకారీని జనం వెతుక్కుంటూ వచ్చి కొనేది అందులో చేతిపని కనపడుతుంది కాబట్టే.

కూలి విషయం కూడా ఇందులోనే చెప్పాలి. ఆర్డర్లు ఇచ్చేవారు ముక్కకు ఇంత అని లెక్క కట్టి, కలిపే పనిని ఉచితంగా చేయించుకుంటున్నారు. మూడు ముక్కల దుప్పటికి రెండు అతుకులు, ఒక్కో అతుకులో రెండు వైపులా కలిపి రెండు వందల జట్లు. ఇది ఒక పూట పని. దీనికి వెల కట్టకపోతే, తొందరగా వదిలించుకోవాలని ఎవరైనా కుట్టు మిషను దగ్గరకే వెళ్తారు, వాళ్లను తప్పుపట్టలేం. 2024లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, పొందిన నరసాపురం లేసు పనిలో, ముక్కలు అల్లడం ఒక పని, వాటిని కలిపే అతుకుపని మరొక పని. మన మహిళా సంఘాలు తమ ధరల పట్టికలో అతుకును వేరే వరసగా రాసి, మీటరుకు ఇంత అని నిర్ణయించుకోవాలి. సంఘాలకు అప్పు ఇప్పించే అధికారులు కూడా మిషను ధరను మాత్రమే కాక ఈ పనికి పట్టే సమయాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

శిక్షణ విషయంలో నా అభ్యర్థన పెద్దదేమీ కాదు. మిషను నడపడానికి కేటాయించిన గంటల్లో నాలుగో వంతు అతుకులకు ఇవ్వాలి. కోర్సు చివర పరీక్షలో ఒక్క ముక్క అల్లించి మార్కులు వేయడం మాని, రెండు ముక్కలు కలిపిన వస్తువును చూసి మార్కులు వేయాలి. ముఖం ఎంత బాగున్నా తిప్పి వెనకవైపు చూడకుండా ఎవరినీ ఉత్తీర్ణులను చేయకూడదు. తిరుపతిలో 1983 నుంచి ఉన్న శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో హోమ్ సైన్స్ విభాగం ఉంది. అక్కడి అధ్యాపకులు ఈ అతుకులకు సంబంధించి తెలుగులో ఒక చిన్న పాఠం తయారు చేసి ఇస్తే, రెండు జిల్లాల్లోని కేంద్రాలన్నింటికీ అది ఉపయోగపడుతుంది. ఇప్పుడున్న కరపత్రాల్లో చాలావరకు మిషను భాగాల పేర్లే తప్ప, గుడ్డ చేతికి వచ్చాక ఏం చేయాలో ఉండదు.

మీ పత్రిక మహిళా పేజీలో వంటలకూ ముగ్గులకూ చోటిస్తున్నట్టే, ఒక వారం ఈ అతుకుకు కూడా చోటివ్వమని వేడుకుంటున్నాను. మాటలకన్నా బొమ్మలే ఎక్కువ ఉపయోగం. మూడు బొమ్మలు చాలు: ఖాళీ సూదులు, వాటి అవతల ఒంటరి సూది కనిపించేది ఒకటి, కుట్టు జారవిడిచాక అంచున ఉచ్చులు కనిపించేది ఒకటి, క్రోషా సూది మీద కుడి ఉచ్చుల్లోంచి ఎడమ ఉచ్చులు సగం బయటికి వచ్చి ఉన్నది ఒకటి. నమూనా ముక్కలు కావాలంటే అల్లి మీ కార్యాలయానికి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి.